అంగి లోపలి జేబు

"అమ్మమ్మా, రేపు మాక్ ఇంటర్వ్యూల గిసొంటి ప్రశ్న అడుగుతరంట. మన దేశపు మనిషే పోయి శత్రువుల దిక్కు తుపాకి పట్టుకుంటే, వాణ్ణి మనోళ్ళు చంపుడు న్యాయమేనా? నేను 'న్యాయమే' అని రాసుకున్న. నువ్వేమంటవ్?"

నేనేమంట రవళీ? ఏడో తరగతిల బడి బంద్ చేసిన దర్జీదాన్ని. నువ్వు నా పైరూముల కిరాయికి ఉండి, పొద్దు మాపు గ్రూప్ వన్ పుస్తకాలల్ల తల పెట్టుకోని సదువుతవ్. నువ్వు నన్నడుగుతున్నవా? సరే, అడిగినవ్ గద, కూసో. ఆ స్టూల్ మీద వద్దు, దానికి ఒక కాలు పొట్టిది. ఇట్ల రా. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చేస్కో. నాకేం భయం? భయపడే వయసుల సరిపోయేటంత భయపడ్డ.

నీ ఇంటర్వ్యూ డ్రెస్సు చేతులకు అంచు మడిచి తురుపాయి చేసుకుంటనే చెప్త. వింటుండు.

న్యాయమే అని ఒక్క మాట రాసుకున్నవ్ చూడు, నేను గూడ ఒకప్పుడు గంతే, ఒక్క మాటల తేల్చేసిన. ఈ చిక్కడపల్లి దుకాన్లనే, ఇదే మిషన్ ముంగట నిలబడి, నలుగురు వినంగ అన్న. ఆ మాట మీద నేను ఎంత ఏడ్చిన్నో నాకే ఎరుక. ఉండు, మొదటి సంది చెప్పనీ, లేకుంటె నీకు సమజ్ కాదు.

ఈ దుకాణం మా నాయినది. శంకరయ్య. మేం పద్మశాలోళ్ళం, ఊర్ల మగ్గం నడవక నాయిన పట్నం వచ్చి దర్జీ పని నేర్చుకుండు. వచ్చిన కొత్తల, ఎండకాలం, నారాయణగూడ రోడ్డు మీద నడుస్త నడుస్తనే కండ్లు తిరిగి పడిపోయిండట. ఎవరో పుణ్యాత్ములు రిక్షల ఏసి దవాఖానల పడేసిండ్రు. రెండు దినాలు సోయి లేదు. ఆయన ఎవరో, ఏ ఇంటోడో ఎవనికి తెల్వది. మా అమ్మ నన్ను సంకల ఏసుకోని గల్లీ గల్లీ తిరిగింది. తిరిగి తిరిగి... ఆమె కాళ్ళు బొబ్బలెక్కిన ముచ్చట సచ్చేదాక చెప్పేది.

అప్పటి సంది నాయినకు ఒక అలవాటు పడ్డది. ఏ అంగి కుట్టినా లోపలి దిక్కు, ఎడమ రొమ్ము మీద, చిన్న జేబు కుట్టాలె. మామూలు జేబు కాదు, దాని నోరు మీదికుండదు, సంక దిక్కు వాలి ఉంటది. వంగినా పడినా లోపల చిట్టి జారిపోవద్దని. అట్ల ఏ దర్జీ కుట్టడు. గిరాకులు నవ్వుతుండిరి. "శంకరయ్యా, దీనిల ఏం పెట్టుకోవాలె?" అంటె, "నీ పేరు, ఇల్లు రాసి పెట్టుకో. నువ్వు యాడనన్న పడిపోతే నిన్ను ఎవరింటికి తీస్కపోవాలె?" అంటుండె. అంగి కుట్టుడుకు నాలుగు రూపాయలు, జేబు ఉట్టిగనే. నాలుగో, నాలుగున్నరో... చాయ్ అయితే పావుల ఉండె, అది మాత్రం మంచిగ యాదికున్నది.

తర్వాత నాయిన కండ్లు మసకబారినయ్. నాకు పెండ్లయ్యి మూడేండ్లకే ఆయన పోయిండు... అంటే మా ఇంటాయన. మళ్ళ ఇంటికే వచ్చిన, మిషన్ నా పాలబడ్డది. ఆడది మగోళ్ళ అంగీలు, పెంట్లు కుడుతదా అని గల్లీ అంతా ఒకటే నవ్వుడు. "అండాళూ, నడుము కొలత ఎట్ల తీస్తవే?" అని ఒకడు. నేను ఊకుంటనా? "టేపు ఒక కొస నువ్వు పట్టుకో, ఒక కొస నేను పట్టుకుంట, నడుమల నీ పొట్ట సంగతి అదే చెప్తది" అన్న. వాడు మళ్ళ రాలే. పోతే పోనీ.

అట్లాంటప్పుడు మొదలు వచ్చిన గిరాకి సాయిలు. రాంనగర్ల కిరాయికి ఉండె కానిస్టేబుల్. నా కంటె చిన్నోడు. ఖాకీ బట్ట టేబుల్ మీద పెట్టి, "అక్కా, రెండు జతలు. మంచిగ కుట్టు" అన్నడు. గంతే. నవ్వలే, నన్ను కింది మీద చూడలే. ఆయన్ని చూసి ఇంకిద్దరు, వాళ్ళను చూసి ఇంకో పది మంది. మా కడుపు నిండిందంటె ఖాకీ బట్ట మీద నిండింది బిడ్డా. ఆ మాట నేను యాడ మర్చిపోత?

ఇగ మా తమ్ముడు రాజేశం. నారాయణగూడల డిగ్రీ సదువుతుండె. మంచి తెలివి, మంచి కోపం. అన్నం కాడ కూసుంటె ఈ దేశంల ఎవడెవడు ఏమేం తింటున్నడో చెప్పుకుంట తన అన్నం మర్చిపోయేటోడు. ఒక పొద్దు, "అడిక్‌మెట్ల దోస్తు రూముల సదువుకుంట, పరీక్షలైనంక వస్త" అని సంచి ఏసుకోని పోయిండు. పరీక్షలైనయ్. రిజల్టు గూడ వచ్చింది. వాడు రాలే. దోస్తును పట్టుకోని అడిగితే, వాడు తల కిందికేసుకోని "అన్నలల్ల కలిసి అడివిలకు పోయిండక్కా" అన్నడు.

మా అమ్మ అప్పటికి లేదు, బతికిపోయింది. నాయిన, నేను ఒక్క మాట మీదికి వచ్చినం. ఎవరడిగినా, భీవండికి పోయిండు, పవర్‌లూముల పని దొరికింది అని చెప్పుడు. మా కులపోళ్ళల్ల ఇంటికొకడు భీవండిల ఉండె గద, ఎవనికి అనుమానం రాలే. "ఉత్తరం రాస్తున్నడా?" అంటె "రాస్తున్నడు, మంచిగున్నడు" అంటుంటి. ఖాకీ కొలతలు రాసుకుంట రాసుకుంట అబద్ధం చెప్తుంటి.

రెండేండ్లైంది. ఒక దినం ఒక పెద్దమనిషి వచ్చిండు, ఊరోని లెక్క ఉన్నడు. సంచిల కెల్లి నీలం బట్ట తీసిండు, దాంతోని ఆది ఇచ్చిండు. ఆది అంటె తెలుసు గద, కొలత కోసం ఇచ్చే పాత బట్ట. పాత అంగి. కాలరు పీలికలైంది. తిప్పి చూద్దును గద, లోపల జేబు. సంక దిక్కు వాలిన నోరు. నా చేతి కుట్టు నాకు తెల్వదా?

నేను తలెత్తలే. ఆయన ఒక్కటే అన్నడు, "ఛాతి రెండంగుళాలు తగ్గించి కుట్టమ్మా."

రెండంగుళాలు. నీకు అది ఒక లెక్క. నాకు అది మా రాజేశం చిక్కిపోయి తేలిన రొమ్ము బొక్కలు. వాడు ఎట్లున్నడు, ఏం తింటున్నడు, బతికున్నడా, అన్నిటికి ఆ రెండంగుళాలే జవాబు. కుట్టిన. జేబు గూడ కుట్టిన. చిట్టి పెట్టలే, పెడితే అందరం పోతం. ఉత్త జేబే. నాయిన గుండీలు కుడుతనని మసక కండ్లతోనే కూసుండు. ఎవరి అంగో నేను చెప్పలే, ఆయన అడగలే. ప్రతి గుండీకి దారం నాలుగు సుట్లు ఎక్కువ తిప్పిండు.

ఇగ విను, అసలు కథ ఈడున్నది. ఆ తర్వాత నాలుగు నెలలకు, మా కాడ బట్టలు కుట్టించుకునే ఇంకో కానిస్టేబుల్, సాయిలు దోస్తు, అడివి డ్యూటీకి పోయి మందుపాతర మీద పోయిండు. వాడి పెంటు నా దుకాన్ల కుట్టి మడత పెట్టి ఉన్నది. పది దినాలైనంక ఆయన పెండ్లాం వచ్చింది. ఇరవై ఏండ్లు ఉంటయో లేవో. "అక్కా, ఆయన పెంటు ఉన్నదట గద" అన్నది. తీసిచ్చిన. ఆ పిల్ల దాన్ని చీర కొంగుల సుట్టుకోని, చంటి పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోని పోయింది.

నా కడుపు మండింది. ఆ పాతర పెట్టినోళ్ళల్ల మా రాజేశం ఉన్నడా లేడా, నాకేం ఎరుక? ఉన్నా ఉండొచ్చు.

మరునాడే సాయిలు వచ్చిండు. ఆయన్ని గూడ అడివి డ్యూటీల ఏసిండ్రు, కొత్త యూనిఫారం కావాలె. దుకాన్ల ఇంకో ఇద్దరు ముగ్గురు గిరాకులున్నరు. ముచ్చట అదే. ఒకాయన అన్నడు, "ఎంతైనా మన పోరగాళ్ళే గద, మన జిల్లాలోళ్ళే, వాళ్ళను కాల్చుకుంట పోతే ఎట్ల?" అని. సాయిలు చేతులు లేపి నిలబడ్డడు, నేను ఛాతి కొలత తీస్తున్న. నాకేమైందో ఏమో, గట్టిగ అన్న: "మనోళ్ళైతే ఏంది? తుపాకి పట్టినోణ్ణి కుక్కను కాల్చినట్టు కాల్చాలె!"

సగం కోపం. ఆ పిల్ల నా కండ్లల్ల కనపడుతున్నది. సగం భయం, ఎవనికి అనుమానం రావొద్దని. రెండు కలిసి ఆ మాటైంది. సాయిలు చేతులు లేపి అట్లనే నిలబడ్డడు. నేను "ముప్పై ఎనిమిది" అని రాసుకున్న.

ఆయన ఆ బట్టలు ఏసుకోని పోయిండు. నేను కుట్టిన ఖాకీ, దానిల నా జేబు, ఆయన చెవుల నా మాట. నీలం అంగి అడివిల, ఖాకీ అంగి అడివిల. రెండు నేనే కుట్టిన. మొక్కుదామంటె ఎవరి కోసం మొక్కాలె? సాయిలుకు ఏం గావొద్దు, రాజేశంకు ఏం గావొద్దు అని మొక్కితే, దేవుడు నవ్వుతడేమో అనిపించేది. అయినా మొక్కిన. రెండు నెలలు పేపర్ల ఫోటోలు చూసుకుంట కూసున్న.

ఒక దినం, పగటి పూట, ఎండ మస్తుగున్నది. సాయిలు వచ్చిండు. మనిషి నల్లగైండు. మోకాలు కాడ పెంటు చినిగింది. అది నా ముంగట పెట్టి, నెమ్మదిగ, "అక్కా, భీవండిల ఉన్న మీ తమ్ముడు దొరికిండు" అన్నడు.

నేను కత్తెర పక్కకు పెట్టి ఆయన మొఖం దిక్కు చూసిన.

"బతికున్నడు. జరం. దవాఖానల ఏసినం, రేపో ఎల్లుండో కోర్టుకు తెస్తరు. ఒక వకీలును చూస్కో. నువ్వు, నాయిన ఇద్దరు పోయి కోర్టుల నిలబడుండ్రి. ఇంటోళ్ళున్నరని పది మందికి కనపడుడు మంచిది" అన్నడు. తర్వాత తన అంగి మీది గుండీ తీసి, లోపలి జేబు చూపెట్టిండు. "వాడి అంగికి గూడ గిదే ఉన్నది. నేను 'చిక్కడపల్లి అండాళక్క నీకేమైతది?' అని అడిగిన. దినమంతా నోరు తెరువనోడు ఆ పేరు వినంగనే ఏడ్చిండు" అన్నడు.

నేను ఆయన కాళ్ళ మీద పడ్డ. "ఏందక్కా, అందరు చూస్తున్నరు, లే" అన్నడు. "ఆ నీలం అంగి ఎవరు కుట్టిండ్రో నేనేం రాయలే. పెంటు మాత్రం జర జల్ది కుట్టు, డ్యూటీకి పోవాలె" అన్నడు. కండ్లు మసకైతున్నా ఆ మోకాలు అప్పుడే కుట్టిన.

రాజేశంకు శిక్ష పడ్డది. పడాలె, పడ్డది. ఏండ్లకేండ్లు జైల్ల ఉన్నడు. నేను నెలకొకసారి పోయి ఇనుప జాలి అవుతల కెల్లి వాణ్ణి చూసిన. మా నాయిన పానం పోకముందే బయటికి వచ్చిండు, తండ్రికి కొరివి పెట్టిండు. గాయన ఇంకేం కోరిండు? గంతకంటె ఏం కావాలె?

అప్పటి సంది నేను ఊరంతా ఒకటే ముచ్చట చెప్పుకుంట తిరిగిన. మా నాయిన జేబు మా తమ్ముణ్ణి కాపాడింది, సాయిలు ఆ జేబు చూసి తుపాకి దించిండు అని. గిరాకులకు చెప్పిన, చుట్టాలకు చెప్పిన. వినంగ వినంగ అందరికి నోటికొచ్చింది.

సాయిలు రిటైర్ అయినప్పుడు బాగ్ లింగంపల్లిల ఒక హాల్ తీసుకోని ఫంక్షన్ చేసిండ్రు. నన్ను గూడ పిలిచిండ్రు. మైకిచ్చి మాట్లాడుమన్నరు. నేను జేబు ముచ్చట చెప్పిన. చప్పట్లే చప్పట్లు. కొందరైతే కండ్లు తుడుచుకుండ్రు. కానీ సాయిలు నవ్వలే. నాకు అర్థం గాలే.

బువ్వ తినేటప్పుడు నా పక్క కుర్చీల వచ్చి కూసుండు. "అక్కా, ఇన్నేండ్ల సంది ఊకున్న. ఇయ్యాల చెప్త, తప్పుగ అనుకోకు" అన్నడు. "నేను జేబు చూసి ఆగలే. జేబు చూసింది తర్వాత. వాడు చెట్టు కింద జరంతోని పడి ఉన్నడు. తుపాకి పక్కకున్నది. నన్ను చూసి చేతులు మీదికి లేపిండు. నా పక్కనున్నోడు 'ఏసెయ్' అన్నడు. వాడి తప్పు లేదు, మందుపాతర మీద పోయినోడు వాడికి సొంత బామ్మర్ది. నేను నా పక్కోని తుపాకి మూతి కిందికి ఒత్తిన. మీ తమ్ముని అంగి విప్పింది, జరానికి తడి గుడ్డ ఏద్దామని. అప్పుడు కనపడ్డది నీ జేబు."

నేను, "ఏదైతేంది, కాపాడినవ్ గద" అన్న.

"అదే చెప్తున్న, విను," అన్నడు. గొంతు పెరిగింది. "ఆ పొద్దు ఇంకొకణ్ణి నేను కాల్చిన. వాడు బండ చాటు కెల్లి మా మీద కాలుస్తుండె. వాడు గూడ మనోడే, ఏదో ఊరోడే, వాడికీ ఒక అక్క ఉండే ఉంటది. కాల్చకపోతే మేం నలుగురం పోతుంటిమి. దానికి నేను ఎవరికి జవాబు చెప్పుమన్నా చెప్త. కానీ జేబు ఉన్నదని ఒకణ్ణి వదిలిపెట్టిన అంటె, జేబు లేదని ఇంకొకణ్ణి చంపిన్నా నేను? జేబు లేనోళ్ళ సంగతేందక్కా?"

నేను చేతుల ముద్ద మళ్ళ ప్లేట్ల పెట్టిన.

"దుకాన్ల నువ్వన్న మాట నాకు యాదికున్నది," అన్నడు. "కుక్కను కాల్చినట్టు కాల్చాలె అన్నవ్. నువ్వన్నవని కాల్చలే. నీ తమ్ముడని ఆగలే. చేతులు ఖాళీగ ఉన్నయ్, ఆగిన. గంతే. నాకు మొక్కకు, అది డ్యూటీ."

నేను ఇంటికి వచ్చి మిషన్ ముంగట కూసున్న. ఇన్నేండ్లు నేను ఆయన్ని పొగుడుతున్న అనుకున్న. ఆయన చేసిన పెద్ద పనిని తెచ్చి నేను నా జేబుల పెట్టుకోని తిరిగిన. నా కుట్టు గొప్పదనుకున్న. అండాళుకు తమ్ముడు కాబట్టి బతికిండంటె, అండాళుకు ఏమీ కానోడు ఏం గావాలె?

డ్యూటీ అట, మొక్కొద్దట! ఎందుకు మొక్కొద్దు? 'ఏసెయ్' అన్నోడికి గూడ అదే డ్యూటీ ఉండె గద. నేనైతే ఇయ్యాల్టికీ పొద్దున లేవంగనే నాయినకు దండం పెడుత, సాయిలుకు పెడుత. పెట్టొద్దన్నా పెడుత. ఆయనకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, ఇంట్లనే ఉంటడు. పోయిన వారం పోయి రెండు లుంగీలకు అంచు కుట్టిచ్చి వచ్చిన.

ఇగ నీ ప్రశ్న. న్యాయమేనా కాదా అని. మనోడని గుండు ఆగాలెనా? ఆగొద్దు. ఎదురుంగ నిలబడి కాలుస్తుంటె వాడి రేషన్ కార్డు యాడిదని చూస్కుంట కూసుంటరా? అట్ల కూసుంటె సాయిలు పెండ్లాం గూడ నా దుకానుకు పెంటు కోసం వచ్చేది. మా రాజేశం ఆ పొద్దు బండ చాటున ఉంటె, సాయిలు వాణ్ణే కాలుస్తుండె. నేను ఏడుస్తుంటి, సాయిలును మాత్రం తిట్టకపోదును. తిట్టేదాన్నేమో... లేదు, తిట్టేదాన్నే, ఎందుకు అబద్ధం. తిట్టి, తర్వాత సమజ్ చేసుకునేదాన్ని.

కానీ ఇంకో దిక్కు చూడు. పక్క దేశపోడు చేతులు లేపితే ఖైదీ అంటరు, నీళ్ళిస్తరు. మనోడు లేపితే ద్రోహి అంటరు. ఆ మాట ఒకసారి నోట్లకు వచ్చిందా, ఇగ చేతులు చూసుడు బంద్ అయితది. అరే, ద్రోహం చేసిండంటె దానికి కోర్టున్నది, జైలున్నది, ఉరి గూడ ఉన్నది. ఆ లెక్క చెట్టు కింద తేల్చేది కాదు. మనోడైతే ఎక్కువ గాడు, పోయి అటు కలిసిండని బయటోని కంటె తక్కువ గూడ గాడు.

మరి నేను? నేను అంగి కుట్టిచ్చిన. తెలిసే ఇచ్చిన. నన్ను గూడ కాల్చాలెనా? కేసు పెడితే పెట్టు, జైల్ల ఏస్తె ఏయి, కాదనను. చేతుల సూది ఉన్నదాని మీదికి తుపాకి తిప్పకు. గిది రాసుకో నీ నోట్ బుక్కుల, 'న్యాయమే' కింద.

"ఇప్పుడు ఆ రాజేశం తాత యాడున్నడు అమ్మమ్మా?"

యాడుంటడు? అశోక్ నగర్ల మీ కోచింగ్ సెంటర్ ఎదురుంగ. నీ మెటీరియల్ స్పైరల్ బైండింగ్ చేస్తడు చూడు, పేజీ తలకిందులు పడితే పైసలొద్దంటడు...

"జిరాక్స్ తాతనా!"

వాడే. ఇంటికి రమ్మంటె రాడు, దుకాన్ల ఎనుక రూముల్నే ఉంట అంటడు. ఇగో, నీ చేతులున్న ప్రశ్నల కాయితం గూడ వాడి మిషన్ మీది కెల్లే వచ్చింది, వెనుక వాడి దుకాణం ముద్ర చూడు. చదివిండో లేదో. చదివే ఉంటడు, వాడు చదువకుండ ఏ కాయితం ఇయ్యడు. రేపు పోయినప్పుడు అడగకు బిడ్డా. మంచిగున్నవా తాతా అని అడుగు, చాలు.

నువ్వు ఫస్టు ఆప్షన్ డీఎస్పీ పెట్టినవ్ గద? వస్తది. ఎందుకు రాదు, గింత కష్టపడుతున్నవ్. వచ్చిన్నాడు ఖాకీ బట్ట తెచ్చి ఈ టేబుల్ మీద పెట్టు, ఇంకోని కాడికి పోయినవంటె కాళ్ళు విరుగగొడుత. నా కండ్లున్నన్ని దినాలు నేనే కుడుత. లోపల జేబు కుడుత, మా నాయిన లెక్కనే. చిట్టిల ఇంటి పేరు, మీ అమ్మ పేరు రాసి పెట్టుకో. యాడికి పోయినా నువ్వు మంచిగ ఇంటికి రావాలె. కానీ ఎదుటోనికి జేబు ఉన్నదా లేదా అని చూడకు తల్లీ. వాడి చేతులు చూడు.

ఇగో, తురుపాయి అయిపోయింది. తొడుక్కో, కొలత చూస్త. చేతులు లేపు. ఒకటి కాదు, రెండు... ఆఁ, అట్ల. అట్లనే నిలబడు జర. సరిగ్గ సరిపోయింది. చల్లగుండు బిడ్డా... ఇగ దించు.